నాలుగు ఛానెళ్ల ఆంప్, పది అంగుళాల సబ్: వాట్ల కంటే ముందు ఓమ్‌లు చూడండి

కారు స్టీరియోకు ఆంప్ (స్పీకర్లకు పవర్ ఇచ్చే యాంప్లిఫైయర్) కొనేటప్పుడు అందరి కళ్లూ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్ల మీదే ఉంటాయి. నన్నడిగితే చదవాల్సింది లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో ఉండే ఒక్క లైను: బ్రిడ్జ్ చేస్తే కనీసం 4 ఓమ్‌లు. అంటే రెండు ఛానెళ్లను కలిపి ఒకే స్పీకర్‌కు వాడితే, కరెంటుకు ఆ స్పీకర్ ఇచ్చే అడ్డు (ఓమ్‌లు) 4 కంటే తగ్గకూడదు; తగ్గేకొద్దీ ఆంప్ మీద కరెంటు భారం పెరుగుతుంది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో కొన్నేళ్లుగా వాడుతున్న ఆంప్ ఇది. 4 ఓమ్‌ల దగ్గర ఛానెల్‌కు 75 వాట్లు ఆర్ఎంఎస్ (నిలకడగా ఇచ్చే పవర్), బ్రిడ్జ్ చేస్తే 200. ముందు రెండు ఛానెళ్లకు 60 వాట్ల కాంపోనెంట్ స్పీకర్లు, వెనక రెండూ కలిపి సబ్‌వూఫర్‌కు (బాస్ కోసం ఉండే పెద్ద స్పీకర్, సబ్). ఆంప్ మీద నాకు ఫిర్యాదు లేదు. సబ్‌ను కలిపిన తీరు మీదే కోపమంతా.

మెలోడీలైతే ఎంతసేపైనా బాగా పాడేది. తీన్మార్ దరువు అందుకుని వాల్యూమ్ పెంచితే కాసేపటికి ఆంప్ తనను తాను కాపాడుకోవడానికి ఆగుతోందని చెప్పే ప్రొటెక్ట్ లైటు ఎర్రగా వెలిగి మొత్తం ఆగిపోయేది. చల్లారాక మళ్లీ మామూలే. ఎండాకాలంలో మరీ ఎక్కువ. బిగించిన షాపువాళ్లు ఎండ వేడి అని తేల్చేసి, ఆంప్ పక్కన చిన్న ఫ్యాన్ పెట్టారు. దాంతో ఆగడం కాస్త ఆలస్యమైంది, అంతే. ఆంప్ వేడెక్కుతున్న మాట నిజమే, ఎందుకు అంతలా వేడెక్కుతోందో ఎవరూ చూడలేదు.

సబ్ వైర్లు ఆంప్ దగ్గర విప్పి మల్టీమీటర్ పెడితే 1.8 ఓమ్‌లు చూపించింది. సబ్‌లో రెండు వాయిస్ కాయిళ్లు (కోన్‌ను కదిలించే తీగచుట్టలు), ఒక్కోటి 4 ఓమ్‌లు. వాటిని ప్యారలల్‌గా (ప్లస్‌లు ఒకచోట, మైనస్‌లు ఒకచోట) కలిపారు కాబట్టి మొత్తం 2 ఓమ్‌లు; మీటర్‌లో కాస్త తక్కువే కనిపిస్తుంది. బ్రిడ్జ్ చేసినప్పుడు ఒక్కో ఛానెల్ మీద పడేది అందులో సగం, అంటే 1 ఓమ్. 2 ఓమ్‌ల వరకే తట్టుకునే ఛానెల్‌కు అది మోయలేని కరెంటు. ఫ్యాన్ ఏం చేస్తుంది పాపం!

అవే కాయిళ్లను సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలిపితే 8 ఓమ్‌లు. ఆంప్ ఒక్కసారి కూడా ఆగలేదు కానీ పవర్ తగ్గిపోయి దరువులో పస తగ్గింది. చివరికి అదే సబ్‌లో 2 ఓమ్‌ల కాయిళ్లు రెండున్న మోడల్ పెట్టాను. మొదటి కాయిల్ మైనస్ రెండో కాయిల్ ప్లస్‌కు, మిగిలిన ప్లస్, మైనస్ ఆంప్‌కు. మీటర్‌లో 3.5 దాకా వస్తుంది, అది సరైన 4 ఓమ్‌ల లోడు. ఫ్యాన్ తీసేశాను, ఎండాకాలంలోనూ ఎర్ర లైటు కనిపించలేదు.

గెయిన్ (ఆంప్ సిగ్నల్‌ను ఎంత పెంచాలో నిర్ణయించే నాబ్) కూడా చెవితో కాదు, మీటర్‌తోనే పెట్టుకోవాలి. వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే వోల్టులు వస్తాయి: ముందు స్పీకర్లకు 60 వాట్లంటే 15.5, సబ్‌కు 200 అంటే 28.3. స్పీకర్ వైర్లు విప్పి, బాస్ బూస్ట్ ఆపి, స్టీరియో వాల్యూమ్ మూడొంతులు పెట్టి, ముందుకు 1 కిలోహెర్ట్జ్, సబ్‌కు 50 హెర్ట్జ్ టోన్ వేసి, ఏసీ వోల్టుల్లో కొలవాలి. సబ్ కొలిచేటప్పుడు లో పాస్ (బాస్‌ను మాత్రమే పంపే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గరే ఉండాలి. ముందు స్పీకర్లకు హై పాస్ (బాస్‌ను ఆపే ఫిల్టర్) 80 పెడితే గొంతులు ఎంత తేటగా వస్తాయో వింటేనే తెలుస్తుంది.

ఆ తేటదనాన్ని మొదట్లో అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఒక షరతు కలుపుతాను: పవర్ వైర్ మంచిదైతేనే. కిట్‌తో వచ్చింది రాగి పూత పూసిన అల్యూమినియం తీగ, ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో ఆగితే దరువు పడ్డప్పుడల్లా ఆంప్ దగ్గర వోల్టేజీ పడిపోయేది. అసలు రాగిది, 4 గేజ్ లావు తీగ వేసి, ఎర్త్ బోల్టు కింద పెయింట్ గీకాకే నిలకడ వచ్చింది.

మా కారులో ఎక్కువగా ముందు సీట్లలో ఇద్దరమే. వెనక స్పీకర్లు స్టీరియో పవర్ మీదే నడుస్తాయి కాబట్టి వెనక కూర్చునేవాళ్లకు ఈ హాయి అంతగా అందదు. డిక్కీ విడిగా ఉండే సెడాన్‌లో బాస్ కూడా ఇంత రాకపోవచ్చు. 4 ఓమ్‌ల కాయిళ్లు రెండున్న సబ్ ఇప్పటికే మీ దగ్గరుంటే ఈ ఆంప్ వద్దు, 2 ఓమ్‌లకు తట్టుకునే మోనో (ఒకే ఛానెల్) ఆంప్ చూడండి.