రోజువారీ క్వెరీలకు పోస్ట్‌గ్రెస్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (పొట్టిగా పోస్ట్‌గ్రెస్) డేటాను టేబుల్స్‌లో దాచే రిలేషనల్ డేటాబేస్. దాన్ని నేను వాడేది మామూలు ప్రశ్నలకే, అంటే క్వెరీలకే. ఈ నెల ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, ఏ కస్టమర్ ఆరు నెలలుగా ఏమీ కొనలేదు, ఒకే ఈమెయిల్‌తో రెండు ఖాతాలు ఎవరికి ఉన్నాయి, ప్రతి విభాగంలో ఎక్కువ అమ్ముడైన మూడు వస్తువులు ఏవి. రిలేషనల్ డేటాబేస్‌తో పనిచేసేవాళ్లు రాసే క్వెరీల్లో చాలా భాగం ఈ తరహావే. ఈ పనికి ఏళ్లుగా దీన్నే వాడుతున్నాను కాబట్టి, ఇది ఎక్కడ మనల్ని కాపాడుతుందో, ఎక్కడ మన జాగ్రత్త మనమే పడాలో చెప్పగలను.

నాకు ఇందులో బాగా నచ్చిన గుణం మొండితనం. అడిగింది స్పష్టంగా లేకపోతే తనకు తోచిన జవాబు ఇవ్వదు, ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. కస్టమర్ వారీగా మొత్తం కొనుగోలు కోసం గ్రూప్ బై రాసి, పక్కనే ఆర్డర్ తేదీని కూడా సెలెక్ట్‌లో (చూపించాల్సిన కాలమ్‌ల జాబితాలో) పెట్టామనుకోండి. ఒక కస్టమర్‌కి ఇరవై ఆర్డర్లు ఉంటే వాటిలో ఏ తేదీ చూపించాలి? నేను అంతకుముందు వాడిన ఒక డేటాబేస్ ఏదో ఒక తేదీ తీసి పెట్టేసేది. రిపోర్టు చూడ్డానికి నిండుగానే ఉండేది, ఆ తేదీకి మాత్రం అర్థం ఉండేది కాదు. పోస్ట్‌గ్రెస్ దీనికి ఒప్పుకోదు. ఆ కాలమ్ గ్రూప్ బైలోనైనా ఉండాలి, మ్యాక్స్, మిన్ లాంటి ఫంక్షన్ లోపలైనా ఉండాలి అంటుంది. కావాల్సింది మొదటి ఆర్డర్ తేదీయా, చివరిదా అన్నది మనం తేల్చుకోక తప్పదు. అలాగని ఊరికే విసిగించదు. కస్టమర్ టేబుల్ ప్రైమరీ కీ (ప్రతి వరుసనూ విడిగా గుర్తించే కాలమ్) మీద గ్రూప్ చేస్తే, అదే టేబుల్‌లోని పేరు, ఫోన్ లాంటి కాలమ్‌లను మళ్లీ గ్రూప్ బైలో రాయక్కర్లేదు. 9.1 వెర్షన్ నుంచి ఈ సౌకర్యం ఉంది. నంబర్ కాలమ్‌ని టెక్స్ట్ కాలమ్‌తో పోల్చినా ఇదే పద్ధతి: 2008లో వచ్చిన 8.3 నుంచి, రకం మార్చమని మనం చెప్తేనే మారుస్తుంది. ఎర్రర్ వస్తే పది నిమిషాలు పోతాయి. తప్పు అంకె వస్తే అది ఎవరి నిర్ణయంలోకి వెళ్లిందో కూడా తెలియదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట విసుక్కునేది, సెలెక్ట్‌లో పెట్టుకున్న కొత్త పేరు వేర్‌లో (వరుసలను వడగట్టే షరతులో) పనిచేయదని. దీనికి కారణం మనం క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్ పుట్టుకలోనే ఉంది. 1974లో ఐబీఎం పరిశోధకులు చాంబర్లిన్, బోయ్స్ దీన్ని సీక్వెల్ పేరుతో ప్రతిపాదించినప్పుడు, ఇంగ్లీషు వాక్యంలా చదువుకోగలగాలన్నది వాళ్ల ఉద్దేశం. అందుకే సెలెక్ట్ ముందు రాస్తాం. కానీ అర్థం లెక్కకొచ్చే క్రమం వేరు: ముందు ఫ్రమ్ (ఏ టేబుల్ నుంచి), జాయిన్‌లు (టేబుల్స్‌ని కలపడం), తర్వాత వేర్, ఆపైన గ్రూప్ బై, హావింగ్ (గ్రూపుల మీద షరతు), ఆ తర్వాతే సెలెక్ట్, చివర ఆర్డర్ బై, లిమిట్. నేను క్వెరీ రాసేటప్పుడు ఫ్రమ్ దగ్గరే మొదలుపెడతాను. ఒక్కో వరుస దేన్ని సూచించాలి, కస్టమర్‌నా, ఆర్డర్‌నా, ఆర్డర్‌లోని వస్తువునా, అన్నది తేలాకే పైకి వెళ్లి సెలెక్ట్ నింపుతాను. ఈ ఒక్క అలవాటుతో సగం టెన్షన్ తగ్గింది.

ఇక పోస్ట్‌గ్రెస్ మొండితనం కూడా కాపాడలేని చోట్లు ఉన్నాయి. అవి ఎస్‌క్యూఎల్ భాషలోనే ఉన్నవి, ఏ డేటాబేస్‌కి మారినా వెంట వస్తాయి. వాటిలో మొదటిది నల్.

నల్ అంటే సున్నా కాదు, ఖాళీ టెక్స్ట్ కాదు. విలువ తెలియదు అని. తెలియనిదాన్ని దేనితో పోల్చినా జవాబు ‘అవును’ అనీ రాదు, ‘కాదు’ అనీ రాదు, ‘తెలియదు’ అని వస్తుంది. వేర్ మాత్రం అవును అన్న వరుసలనే ఉంచుతుంది. దీని దెబ్బ ఎక్కడ గట్టిగా తగులుతుందో చూడండి. ఒక్క ఆర్డర్ కూడా ఇవ్వని కస్టమర్లు కావాలని, కస్టమర్ ఐడీ ఆర్డర్ల టేబుల్ నుంచి తెచ్చిన ఐడీల్లో ఉండకూడదు అంటూ నాట్ ఇన్ రాస్తాం. ఆర్డర్ల టేబుల్‌లో ఎవరో ఖాతా లేకుండా కొన్న ఆర్డర్ ఒకటి ఉంది, అక్కడ కస్టమర్ ఐడీ నల్. అంతే, ఫలితం సున్నా వరుసలు. ఆ తెలియని ఐడీ ఈ కస్టమర్‌దే కాదని చెప్పలేం కదా, కాబట్టి ఎవరి విషయంలోనూ అవును రాదు. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. అందరూ ఏదో ఒకటి కొన్నారని సంతోషపడే ప్రమాదం ఉంది. అందుకే ఈ రకం ప్రశ్నకు నేను ఎప్పుడూ నాట్ ఎగ్జిస్ట్స్ (జత అయ్యే వరుస ఒక్కటీ లేకపోతే అవును అనేది) రాస్తాను. దానికి నల్‌తో ఈ ఇబ్బంది లేదు, వేగం విషయంలోనూ చాలాసార్లు అదే మెరుగు.

నల్ ఇంకా చిన్న చిన్న చోట్ల దాక్కుంటుంది. కౌంట్ స్టార్ అన్ని వరుసలనూ లెక్కపెడుతుంది, కౌంట్‌లో కాలమ్ పేరు రాస్తే నల్ ఉన్నవి వదిలేస్తుంది. పేరు, ఇంటిపేరు రెండు నిలువు గీతలతో (||) కలిపితే, ఏ ఒక్కటి నల్ అయినా మొత్తం నల్ అవుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో పెద్దది ముందు వచ్చేలా సార్ట్ చేస్తే నల్‌లు అన్నిటికంటే పైన కూర్చుంటాయి. నల్స్ లాస్ట్ అని రాస్తే కిందికి పోతాయి.

రెండోది జాయిన్‌లో వరుసలు పెరిగిపోవడం. నా దృష్టిలో రిపోర్టుల్లో తప్పుడు అంకెలకు పెద్ద కారణం ఇదే. ఒక ఆర్డర్‌లో మూడు వస్తువులు, దానికి రెండు విడతల్లో చెల్లింపు. ఆర్డర్ టేబుల్‌కి ఈ రెండు టేబుల్స్‌నీ ఒకేసారి జాయిన్ చేస్తే మూడు రెళ్లు ఆరు వరుసలు వస్తాయి. ఇప్పుడు సమ్ వేస్తే వస్తువుల మొత్తం రెండింతలు, చెల్లింపు మూడింతలు. అంకె ఎక్కువగా ఉందని గమనించి డిస్టింక్ట్ (ఒకేలా ఉన్నవాటిలో ఒకటే ఉంచేది) తగిలిస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. ఆ రెండు విడతలూ సమానమైన మొత్తాలైతే సమ్ డిస్టింక్ట్ అందులో ఒకదాన్ని మింగేస్తుంది. సరైన దారి ఒకటే: వస్తువుల మొత్తాన్ని ఆర్డర్ వారీగా విడిగా లెక్కకట్టాలి, చెల్లింపులను విడిగా, ఆ తర్వాతే రెండూ కలపాలి. ఒక క్వెరీలో డిస్టింక్ట్ కనబడితే, అది అక్కడ ఎందుకుందో అడగకుండా నేను ముందుకు వెళ్లను.

అలా విడివిడిగా లెక్కకట్టడానికి విత్ చాలా బాగా పనికొస్తుంది. పెద్ద క్వెరీని పేరున్న ముక్కలుగా రాసుకుంటే ఆరు నెలల తర్వాత చదివినా అర్థమవుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఇది 8.4తో 2009లో వచ్చింది. అయితే చాలాకాలం విత్ లోపలి ముక్కను ముందు పూర్తిగా నడిపి, బయటి షరతులను ఆ తర్వాతే చూసేది. ఒక్క కస్టమర్ కోసం అడిగినా లోపల అందరి లెక్కా కట్టేది. 2019లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి, ఆ ముక్కను ఒక్కసారే వాడితే మామూలు సబ్‌క్వెరీలాగే (క్వెరీ లోపలి క్వెరీలాగే) బయటి క్వెరీలో కలిపేస్తోంది. అంతకంటే పాత వెర్షన్ మీద ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఎడమ టేబుల్‌లో జత దొరకని వరుసలనూ ఉంచే లెఫ్ట్ జాయిన్ గురించి ఒక్క మాట. కుడివైపు టేబుల్ మీది షరతును వేర్‌లో రాస్తే, జత దొరకని వరుసలన్నీ జారిపోతాయి. ఆ షరతు జాయిన్‌తో పాటు రాసే ఆన్ భాగంలో ఉండాలి. తేదీల గురించి కూడా ఒక్క మాట. సమయంతో కూడిన కాలమ్ మీద మార్చి 1 నుంచి 31 వరకు బిట్వీన్ రాస్తే, 31వ తేదీ మొదలైన క్షణం (00:00) తర్వాత ఆ రోజు జరిగినవన్నీ బయటే ఉండిపోతాయి. మార్చి 1 లేదా ఆ తర్వాత, ఏప్రిల్ 1 కంటే ముందు అని రాయండి, నెలకి ఎన్ని రోజులో ఆలోచించే పనే ఉండదు.

పోస్ట్‌గ్రెస్ నిజంగా ఆనందం కలిగించేది, వరుసలను కలిపేయకుండానే గ్రూపు వారీగా లెక్క కట్టే విండో ఫంక్షన్ల దగ్గర. ప్రతి విభాగంలో టాప్ మూడు కావాలంటే, వరుసలకు నంబర్లు వేసే రో నంబర్‌ని విభాగం వారీగా పార్టిషన్ చేసి, ఎక్కువ అమ్మకాలు ముందు వచ్చేలా క్రమం ఇచ్చి, బయటి క్వెరీలో మూడో నంబర్ వరకు ఉన్నవి తీసుకుంటే చాలు. ఒక్కో కస్టమర్ చివరి ఆర్డర్ మాత్రమే కావాలంటే, ప్రతి గ్రూపులో మొదటి వరుసనే ఉంచే డిస్టింక్ట్ ఆన్ ఇంకా తేలిక. ఇది ప్రామాణిక ఎస్‌క్యూఎల్‌లో లేదు, వేరే డేటాబేస్‌కి మారితే తిరగరాయాలి, అయినా నేను వదులుకోలేను. ఫిల్టర్ కూడా అంతే ఇష్టం: ఒకే వరుసలో మొత్తం ఆర్డర్లు, రద్దయినవి, వాపసు వచ్చినవి పక్కపక్కనే లెక్కపెట్టొచ్చు, పొడవాటి కేస్ వెన్‌లు అక్కర్లేదు.

వేగం విషయంలో నా ఫిర్యాదులు రెండు మూడు ఉన్నాయి. ఫారిన్ కీ (ఇంకో టేబుల్‌లోని వరుసను సూచించే కాలమ్) పెట్టినప్పుడు, ఆ కాలమ్ మీద ఇండెక్స్ (వెతకడాన్ని వేగం చేసే సూచిక) దానంతట అది రాదు. అది వచ్చే ఉంటుందనుకుని జాయిన్‌లు రాసేవాళ్లు చాలామంది. పెద్ద టేబుల్ మీద కౌంట్ స్టార్ నెమ్మది, ఎందుకంటే ఏ వరుస ఏ ట్రాన్సాక్షన్‌కి (ఒకే కట్టగా నడిచే పనులకి) కనబడుతుందో చూసుకుంటూ లెక్కపెట్టాలి. పేజీల కోసం ఆఫ్‌సెట్ లక్ష అంటే ఆ లక్ష వరుసలూ చదివి పారేస్తుంది. చివరిగా చూసిన ఐడీ తర్వాతివి ఇవ్వమని అడగడం మేలు. ఈమెయిల్‌ని లోయర్ ఫంక్షన్‌లో పెట్టి వెతికితే మామూలు ఇండెక్స్ పనికిరాదు, లోయర్‌తో కలిపే ఇండెక్స్ కట్టాలి.

వీటన్నిటినీ పట్టించేది, క్వెరీ ఏ ప్లాన్‌తో (ఏ దారిలో) నడిచిందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్. నేను అందులో ముందు చూసేది సమయం కాదు, ఎన్ని వరుసలు వస్తాయని అంచనా వేసిందో, నిజంగా ఎన్ని వచ్చాయో. పది అనుకున్న చోట పది లక్షలు వస్తే, తప్పుడు ప్లాన్ ఎంచుకోవడానికి కారణం అక్కడే దొరుకుతుంది. ఎక్కువ సందర్భాల్లో ఆ టేబుల్ మీద ఎనలైజ్ (టేబుల్ గణాంకాలను తాజా చేసే వేరే కమాండ్) నడిపితే సర్దుకుంటుంది. ఒక్కటి మాత్రం మరవకండి: ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ క్వెరీని నిజంగానే నడుపుతుంది. అప్‌డేట్ ముందు పెడితే డేటా మారిపోతుంది.

అప్‌డేట్, డిలీట్‌లకు నా పద్ధతి ఎప్పుడూ ఒకటే. ముందు బిగిన్ (ట్రాన్సాక్షన్ మొదలు), తర్వాత మారిన వరుసలను చూపించే రిటర్నింగ్‌తో కలిపి అప్‌డేట్, మారిన వరుసలు కళ్లారా చూసుకోవడం, మూడు మారాల్సిన చోట మూడు వేలు కనబడితే రోల్‌బ్యాక్ (వెనక్కి తీసుకోవడం), సరిగ్గా ఉంటే కమిట్ (ఖాయం చేయడం). పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్‌కి కాలమ్ చేర్చినా, ఏకంగా టేబుల్‌నే డ్రాప్ చేసినా ఈ రోల్‌బ్యాక్ పనిచేస్తుంది.