రెట్రో ఆటలకు కీబోర్డు: ఇ, ఎస్, డి, ఎఫ్ మీద స్థిరపడ్డాను

టీవీకి తగిలించే వీడియోగేమ్‌తో మారియో, కాంట్రా ఆడి పెరిగినవాళ్లకు ఎడమ చేయి దిక్కులకు, కుడి చేయి బటన్లకు అలవాటై ఉంటుంది. అవే ఆటలు కంప్యూటర్లో పెట్టుకుంటే చాలా ఎమ్యులేటర్లు (పాత ఆటలను కంప్యూటర్లో నడిపించే ప్రోగ్రాములు) చేతులు తారుమారు చేస్తాయి. రెట్రోఆర్చ్‌నే తీసుకోండి: బాణం కీలు కుడిచేతికి, జెడ్, ఎక్స్ ఎడమచేతికి వస్తాయి. ఆడగా ఆడగా అలవాటవుతుందంటారు. ల్యాప్‌టాప్‌లో అయితే పైకీ కిందికీ వెళ్లే బాణాలు సగం సైజులో ఉంటాయి కదా, వాటి మీద కాంట్రా ఆడమంటే వేళ్లకు శిక్షే.

నాది కడపలో ఏడు రోడ్ల దగ్గర ఒక అంగట్లో కొన్న మామూలు మెంబ్రేన్ కీబోర్డు, అంటే కీల కింద రబ్బరు పొర ఉండే రకం. ఏళ్ల తరబడి దాని మీదే ఆడుతున్నాను. డబ్ల్యు, ఎ, ఎస్, డి తో మొదలుపెట్టి, చివరికి దిక్కులన్నీ ఒక కీ కుడివైపుకి జరిపాను: పైకి ఇ, కిందికి డి, ఎడమకు ఎస్, కుడికి ఎఫ్. బటన్లు జె, కె. టైపు నేర్చుకున్నవాళ్లకు కారణం వెంటనే తెలుస్తుంది. ఎఫ్, జె మీద చిన్న గీతలుంటాయి. కరెంటు పోయి ల్యాప్‌టాప్ వెలుగులో ఆడుతున్నా వేళ్లు వాటంతటవే చోటు పట్టుకుంటాయి. చిటికెన వేలు కంట్రోల్ కీకి కూడా కాస్త దూరమవుతుంది. బ్రౌజర్‌లో ఆడేవాళ్లకు ఇది ముఖ్యం: కాల్పులకు కంట్రోల్, పైకి డబ్ల్యు పెట్టుకుని రెండూ ఒకేసారి నొక్కితే ఆట ఉన్న ట్యాబే మూసుకుపోతుంది.

ఇక అసలు సంగతి దూకడం. మారియోలో ఎంతసేపు నొక్కి ఉంచితే అంత ఎత్తు ఎగురుతాడు, కాబట్టి కీ నొక్కడం ఎంత ముఖ్యమో వదలడం అంతే ముఖ్యం. చాలామంది దూకడానికి స్పేస్ బార్ పెడతారు. చవక కీబోర్డుల్లో అది పొడుగ్గా, బరువుగా ఉండి ఆలస్యంగా పైకి లేస్తుంది. చిన్న గెంతు వేయాల్సిన చోట పెద్దది పడుతుంది, పోయి గుంతలో పడతాడు. అందుకే నేను స్పేస్‌ని పరుగుకి ఇచ్చాను. పరుగు బటన్‌ను ఎలాగూ బొటనవేలితో నొక్కిపట్టే ఉంచుతాం, అది నిదానంగా లేచినా నష్టం లేదు. దూకడం జె మీద, చూపుడువేలికి. సెలెస్టెలో కూడా ఇదే పద్ధతి: గోడను పట్టుకోవడం స్పేస్, దూకడం జె, డ్యాష్ (ఒక్కసారిగా ముందుకు దూసుకెళ్లడం) కె. ఆ ఆటతో వచ్చే సి, ఎక్స్, జెడ్ కన్నా నాకు ఇదే ఎంతో హాయి.

షిఫ్ట్ కీ జోలికి మాత్రం పోవద్దు. ఐదుసార్లు వరుసగా నొక్కితే విండోస్ స్టిక్కీ కీస్ ఆన్ చేయాలా అంటూ అడ్డొస్తుంది. కుడి షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లు పట్టుకుంటే ఫిల్టర్ కీస్ ఆన్ చేయాలా అని అడుగుతుంది. ఇంకొకటి మన తెలుగువాళ్లకే వచ్చే చిక్కు: తెలుగు కీబోర్డు పెట్టుకున్నవాళ్లకు ఆల్ట్, షిఫ్ట్ కలిసి పడితే భాష మారిపోవచ్చు. నొక్కిన అక్షరాన్ని బట్టి కీని గుర్తించే ఆటలు అక్కడితో స్పందించడం మానేస్తాయి. బాస్ (ఆటలో పెద్ద శత్రువు) ఎదురుగా ఉన్నప్పుడు అలా జరిగితే టెన్షన్ చెప్పనలవి కాదు.

మీరు ఎంచుకున్న కీలు మీ కీబోర్డుకు సరిపోతాయో లేదో ముందే చూసుకోండి. మెంబ్రేన్ కీబోర్డుల్లో కీలన్నీ అడ్డం నిలువు తీగల గడుల్లో ఉంటాయి. కొన్ని మూడేసి కీలు కలిసి నొక్కితే మూడోది లెక్కలోకి రాదు. ఏ మూడు అన్నది కీబోర్డును బట్టి మారుతుంది. నోట్‌ప్యాడ్ తెరిచి ఎఫ్, స్పేస్ పట్టుకుని జె నొక్కండి. జె అక్షరం పడితే మారియోకి ఢోకా లేదు. కాంట్రాలో ఐమూలగా కాల్చాలి కాబట్టి ఇ, ఎఫ్ పట్టుకుని జె, కె కూడా చూడండి. పడకపోతే బటన్లను ఒక కీ పక్కకి జరపండి, కీబోర్డు మార్చాల్సిన పని లేదు.

ఈ అమరికలో నాకు నచ్చనిది ఒకటుంది. ఎడమ నుంచి కుడికి గబుక్కున తిరిగేటప్పుడు ఎస్ వదలకముందే ఎఫ్ పడుతుంది. గేమ్‌ప్యాడ్ మీద అది కుదరదు, కీబోర్డు మీద కుదురుతుంది. కొన్ని ఎమ్యులేటర్లు అప్పుడు రెండింటినీ వదిలేస్తాయి, ఆటలోని మనిషి ఒక్క క్షణం ఆగిపోతాడు. సెట్టింగుల్లో చివర నొక్కినదే చెల్లేలా పెట్టుకునే వీలుంటే పెట్టుకోండి, లేకపోతే వేలిని ముందుగా ఎత్తడం సాధన చేయాల్సిందే.

మే నెలలో మా ఊరి ఎండకు అరచేతులు చెమటలు పట్టి కీలు జారతాయి. పక్కన పాత నూలు తువ్వాలు పెట్టుకుంటాను.

సెలవులకు మా అక్క కొడుకు వస్తే కాంట్రా ఇద్దరం ఆడతాం. ఒకే కీబోర్డు మీద ఇద్దరు ఆడితే ఎవరో ఒకరి కీలు పడవు. "మామా, నేను కాల్చినా, అది పడ్లా" అని వాడు గోల చేసేవాడు. పాత యూఎస్‌బీ కీబోర్డు ఇంకొకటి తగిలించాను. విండోస్ రెండింటి నొక్కుళ్లనూ కలిపి తీసుకుంటుంది, దేని తీగలు దానివే కాబట్టి ఒకరి కీలు ఇంకొకరికి అడ్డు రావు. వాడికి దాని మీద బాణాలు, నంబర్ ప్యాడ్‌లో 1, 2 ఇచ్చాను.