పదిహేను మీటర్ల ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్: రెండేళ్లు వాడాక

కంప్యూటర్ లోపలి గదిలో, టీవీ హాల్లో. మధ్యలో రెండు గోడలు. ఈ రెంటినీ కలిపే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్, అంటే కంప్యూటర్ బొమ్మని వెలుగు రూపంలో టీవీకి మోసే తీగ, వేయించి రెండేళ్లు దాటింది. గేమింగ్ కోసం కొన్నవాటిలో దీనిమీద ఉన్నంత ఇష్టం నాకు ఇంకదేనిమీదా లేదు. బటన్ నొక్కగానే తెరమీద మనిషి దూకుతాడు. అంతకంటే ఇంకేం కావాలి?

అంతకుముందు ఏడాదిపాటు, కంప్యూటర్‌లో నడిచే ఆటని ఇంటి నెట్‌వర్క్ మీద టీవీకి పంపే మూన్‌లైట్ యాప్ పెట్టుకుని వైఫైలో ఆడాను. యాప్ ఉచితం, చాలా మంచిది, దాని తప్పేం లేదు. మా వైఫైయే రెండు గోడలు దాటేసరికి నీరసపడిపోయేది. 4కె బొమ్మని (మామూలు ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్ల చుక్కలుండేది) సెకనుకి 60 ఫ్రేములతో కుదించకుండా పంపాలంటే సెకనుకి దాదాపు 12 గిగాబిట్లు కావాలి. నేను పంపగలిగింది 50 మెగాబిట్లు. అంటే రెండు వందల రెట్లకు పైగా నొక్కేసిన బొమ్మ. మామూలుగా తెలిసేది కాదు గానీ, గడ్డిలో పరిగెత్తినా, వాన పడినా తెరంతా గళ్లుగళ్లుగా అలుక్కుపోయేది. క్రికెట్ గేమ్‌లో అయితే నేను బ్యాట్ ఊపేసరికి వికెట్ ఎగిరిపోయి ఉండేది.

మామూలు రాగి కేబుల్‌ని 4కెకి ఐదారు మీటర్లు దాటాక నమ్మలేం. అందుకే దీనికి వచ్చాను.

వేయించిన రోజు మాత్రం చుక్కలు కనిపించాయి. ఇల్లు కట్టేటప్పుడు నాన్న గోడల్లో అంగుళం పైపు ఒకటి ఖాళీగా వదిలించారు. ఎలక్ట్రీషియన్ అన్న అందులోకి స్టీలు స్ప్రింగు తోసి, కేబుల్ మూతికి టేపు చుట్టి, గంటసేపు లాగాడు. రెండు వైపులా పెట్టాం. టీవీలో ‘నో సిగ్నల్’. పోర్టు మార్చాను, డ్రైవర్ మళ్లీ ఎక్కించాను, లాభం లేదు. ‘లోపల తెగిందేమో తమ్ముడూ’ అన్నాడు అన్న. నాకు నోట మాట రాలేదు. చివరికి సెల్ లైటు వేసి చూస్తే, కంప్యూటర్ వెనక పెట్టిన ప్లగ్గుమీద, నలుపుమీద బూడిదరంగులో, చీమ తలంత అక్షరాలతో ‘డిస్‌ప్లే’ అని ఉంది!

ఈ కేబుల్ ఒకే దిశలో పనిచేస్తుంది. ఒక చివర చిన్న లేజర్లు బొమ్మని వెలుగుగా మార్చి పంపుతాయి, రెండో చివర దాన్ని అందుకునేవి ఉంటాయి. తిరగేస్తే ఏమీ రాదు. అంత డబ్బు తీసుకునే వస్తువుమీద కంటికి కనపడేలా ఒక బాణం గుర్తు వేయడానికి ఏం అడ్డొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ కోపం ఇంకా పోలేదు.

మళ్లీ మొత్తం వెనక్కి లాగాం. లోపల ఉండేవి గాజు పోగులు, గట్టిగా మడత పడితే అంతే సంగతులు. హాల్లో అమ్మ కేబుల్ పట్టుకుని, ‘వదలనా?’ అని అడిగి అడిగి, మూర మూర చొప్పున పైపులోకి వదిలింది. రెండోసారి బొమ్మ వచ్చింది. అన్న కూడా కూర్చుని రెండు ఓవర్లు ఆడి వెళ్లాడు.

అనుకోని లాభం వేసవిలో తెలిసింది. మాది విజయవాడ. మే నెలలో ఆ కంప్యూటర్ వేడీ, ఫ్యాన్ల హోరూ లోపలి గదిలోనే ఉండిపోతాయి, హాల్లో ఆట ఒక్కటే వినిపిస్తుంది.

మొదట్లో అడిగినవాళ్లందరికీ ‘కళ్లు మూసుకుని కొనండి’ అని చెప్పాను. ఇప్పుడు అంత ధైర్యంగా చెప్పను. కంట్రోలర్ బ్లూటూత్ రెండు గోడల అవతలికి అందలేదు. మామూలు యూఎస్‌బీ తీగ 5 మీటర్లకు మించి పనికిరాదు కాబట్టి, మధ్యలో బూస్టర్ ఉన్న పొడుగుది కొని అదే పైపులో దూర్పించాను. నా హెచ్‌డీఎంఐ కేబుల్ సెకనుకి 18 గిగాబిట్లు మోసే రకం, 60 హెర్ట్జ్ (సెకనుకి 60 సార్లు బొమ్మ మార్చే) టీవీకి సరిపోయింది. రేపు 120 హెర్ట్జ్ టీవీ కొని 4కెలో ఆడాలంటే 48 గిగాబిట్లది తెచ్చి మళ్లీ పైపు పని మొదలుపెట్టాలి.

మాది సొంతిల్లు, పైపు ముందే ఉంది, కాబట్టి నాకు కుదిరింది. అద్దింట్లో ఉండుంటే గోడ వారగా ఈథర్‌నెట్ తీగ లాగి మూన్‌లైటే వాడుకునేవాణ్ణేమో. ఇదే కొనేటట్టయితే మాత్రం, పైపులోకి పంపేముందు నేలమీద పరిచి, రెండు చివరలా పెట్టి, బొమ్మ వచ్చాకే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.