తలదెబ్బ తర్వాత దిగులుకు 14416: ఎంతవరకు పనికొస్తుంది?

ఉద్దానంలో కొబ్బరిచెట్టు మీంచి జారినా, శ్రీకాకుళం దగ్గర హైవే మీద బండి పల్టీ కొట్టినా, స్కానింగ్‌లో ఏమీ లేదంటే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. తలదిమ్ము, నిద్రలేమి, ఉత్తపుణ్యానికి కోపం, ఏడుపు మొదలయ్యేది ఆ తర్వాతి రోజుల్లోనే. గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించేస్తారు. ఇది కంకషన్, అంటే దెబ్బకు మెదడు అదరడం తాలూకు బాధ. చాలామందికి మూడు నెలల్లోపే తగ్గుతుంది.

ఈ దశలో పీహెచ్‌సీ డాక్టరుకు తోడుగా వాడుకోదగ్గది టెలీ మానస్, అంటే మనసు బాధలకు ఫోన్లో సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ. కేంద్రం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. 14416కి ఏ వేళప్పుడైనా ఉచితంగా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు కౌన్సెలర్, అవసరమైతే మానసిక వైద్యులు. విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రి దాకా బస్సెక్కకుండానే ఆ మాత్రం సలహా అందడం మన జిల్లాలవాళ్లకు పెద్ద ఊరటే. ఐదుకు నాలుగు ఇవ్వొచ్చు.

ఆ ఒకటీ ఎందుకు తగ్గిందంటే, ఫోన్లో నడక తూలుతోందో లేదో ఎవరూ చూడలేరు. దెబ్బ సంగతి మీరు చెప్పకపోతే అవతలివాళ్లకు అది మామూలు దిగులే. అందుకే దెబ్బ తగిలిన తేదీ, స్పృహ తప్పిందా, స్కాన్ తీశారా, ఏం మాత్రలు వేస్తున్నారు, తాగుడు అలవాటుందా అన్నవి మొదటి నిమిషంలోనే చెప్పేయాలి. పదేపదే వాంతులు, పెరిగిపోయే తలనొప్పి, మగత, ఫిట్స్, ఒకవైపు చెయ్యీ కాలూ పట్టు తప్పడం ఉంటే 14416 కాదు, 108. ముసలివాళ్లకు, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు వారాల తర్వాత కూడా మెదడు చుట్టూ రక్తం చేరొచ్చు.

పీహెచ్‌సీలో పీహెచ్‌క్యూ-9, అంటే దిగులు ఎంతుందో మార్కులతో కొలిచే తొమ్మిది ప్రశ్నలు అడిగినప్పుడు ఒక తిరకాసుంది. నిద్ర, నీరసం, ధ్యాస కుదరకపోవడం అన్న మూడింటికీ దెబ్బ వల్లే మార్కులు పెరుగుతాయి. మొత్తం చూసి బెంబేలు పడకుండా మొదటి రెండూ, అంటే ఆసక్తి పోవడం, దిగులు ఎంతున్నాయో చూడాలి. చనిపోవాలనిపిస్తోందా అన్న తొమ్మిదో ప్రశ్నకు ఒక్క మార్కు వచ్చినా మనిషిని ఒంటరిగా వదలకూడదు.

డాక్టరు దిగులు తగ్గించే సెర్‌ట్రలిన్ మాత్ర రాస్తే సాధారణంగా 25 మి.గ్రా.తో మొదలుపెట్టి 50కి పెంచుతారు. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పదో రోజుకే పనిచేయలేదని మానేస్తే లాభం లేదు. నిద్రకని అల్ప్రాజోలం అనే మత్తు మాత్ర అడగొద్దు, దిమ్ము పెరుగుతుంది, తూలి మళ్లీ పడతారు. తలనొప్పికి పారాసిటమాల్ కూడా నెలలో పదిహేను రోజులు దాటితే ఆ మాత్రే నొప్పి తెస్తుంది. డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర జోలికి అసలే పోవద్దు, అది కిడ్నీలకు చేటు, ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి తెలిసిందే కదా.

విశ్రాంతి ఒకటి రెండు రోజులు చాలు. నెలంతా చీకటిగదిలో పడుకోబెడితే దిగులు ముదురుతుంది. మూడో రోజు నుంచి కాసేపు నడక, తర్వాత ఇంటిపని, ఆపైన బయటి పని. చెట్టెక్కడం, బండి నడపడం మాత్రం డాక్టరు సరేనన్నాకే. ఫోన్ చేసేటప్పుడు డిశ్చార్జి కాగితం, మాత్రల అట్ట పక్కన పెట్టుకోండి, పేర్లు అడుగుతారు.