22 అక్షరాలది చిక్కింది, 23 వేల అక్షరాలది జారిపోయింది

చిన్న ఆర్ఎన్ఏలు తీసే కిట్ ఒకటి మూడు నెలలుగా వాడుతున్నాను. ఫ్లూ వైరస్ ఎక్కించిన ఊపిరితిత్తి కణాలు నా శాంపిళ్లు.

నేను వెతికేది మిర్-146ఏ అనే మైక్రో ఆర్ఎన్ఏ. ప్రొటీన్ తయారు చేయని ఆర్ఎన్ఏ, పొడవు 22 న్యూక్లియోటైడ్లు, అంటే 22 అక్షరాలు. వైరస్ చొరబడగానే కణం ఇంటర్‌ఫెరాన్ (వైరస్‌ని అడ్డుకునే ప్రొటీన్) కోసం హడావుడి మొదలుపెడుతుంది. అది శ్రుతి మించకుండా ట్రాఫ్6, ఐరాక్1 ప్రొటీన్లను తగ్గించి పగ్గం వేసేది ఇదే. ఇంతకుముందు వాడిన కిట్‌లో ఆర్ఎన్ఏని పట్టి ఉంచే వడపోత గొట్టం, అంటే కాలమ్, 200 న్యూక్లియోటైడ్ల కంటే పొట్టివాటిని నిలుపుకోదు. వారాల తరబడి నేను పారబోసిన ద్రవంలోనే నా మిర్ పోయిందని తెలిసిన రోజు ఏడుపొచ్చింది.

ఈ కిట్‌లో ఇథనాల్ ఒకటిన్నర రెట్లు పోయమంటారు. ఆ కాస్త తేడాకే పొట్టివి కూడా కాలమ్‌కి అంటుకుంటాయి. ఆర్ఎన్ఏ ఎంతుందో కొలిచే క్యూపీసీఆర్‌లో, మొదటి రన్‌లోనే మూడు రెప్లికేట్ల (ఒకే శాంపిల్‌ని మళ్లీ మళ్లీ కొలిచినవి) గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. స్క్రీన్ ముందు నుంచి లేవబుద్ధి కాలేదు.

చిక్కల్లా నీట్1తో వచ్చింది. ఇదీ ప్రొటీన్ చేయనిదే, కానీ దీని పొడుగు రూపం దాదాపు 23,000 న్యూక్లియోటైడ్లు. ఫ్లూ సోకితే ఇది పెరిగి, ఐఎల్-8 జన్యువును అణచిపెట్టే ఎస్ఎఫ్‌పీక్యూ ప్రొటీన్‌ని తన దగ్గరికి లాగేసుకుంటుంది. దాంతో ఐఎల్-8 అనే సంకేత ప్రొటీన్ తయారై రక్షణ కణాలకు కబురు వెళుతుంది. అంత పెరగాల్సింది నా ప్లేట్‌లో అంతంత మాత్రంగానే కనిపించింది. ఫినాల్‌లో కరిగించిన కణాలకు క్లోరోఫాం పోసి తిప్పాక ట్యూబులో అడుగున గులాబీ రంగు, పైన తేట, మధ్యలో తెల్లటి పొర కనిపిస్తాయి కదా, ప్రొటీన్లతో పెనవేసుకున్న నీట్1 ఆ తెల్లపొరలోనే చిక్కుకుపోతోంది. క్లోరోఫాం పోయకముందే లైసేట్‌ని (కణాలు కరిగిన ద్రవాన్ని) సిరంజి సూది గుండా పదే పదే లాగి వదిలితే బయటపడింది. వేడి చేసినా వస్తుంది.

తప్పు కిట్‌దని అనను, ఫినాల్ పద్ధతి ఏదైనా ఇంతే. అయితే పెట్టె మీద 'మొత్తం ఆర్ఎన్ఏ' అని అచ్చేసినప్పుడు మాన్యువల్‌లో ఈ సంగతి ఒక్క వాక్యమైనా ఉండాలి. లేదు. మిగిలిపోయిన డీఎన్ఏని తొలగించే ఎంజైమ్ డీఎన్ఏజ్ కూడా విడిగా కొనుక్కోవాలి.

మైక్రో ఆర్ఎన్ఏలకైతే ఐదుకి ఐదు. పొడుగువాటికి మూడే ఇస్తాను. రెండూ ఒకే శాంపిల్‌లో కొలవాలంటే సిరంజీలు కూడా ఆర్డర్‌లో చేర్చుకోండి.