సి.క్యాంపు స్టడీ హాలు, అక్కడి ఆదివారం అట్లాస్ క్లాసు – నా రివ్యూ

ముందు హాలు సంగతి తొందరగా చెప్పేస్తాను. కర్నూల్లో సి.క్యాంపు రైతు బజారుకు దగ్గర్లో, రెండో అంతస్తులో ఉంది. నెలకు 900, లాకర్ కావాలంటే ఇంకో 100. పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదకొండు దాకా తెరిచే ఉంటుంది, అమ్మాయిలకు వేరే వరస ఉంది, ఇన్వర్టర్ ఉంది కాబట్టి కరెంటు పోయినా ఫ్యాన్లు ఆగవు. ఏసీ లేదు, మన ఎండాకాలంలో మధ్యాహ్నం రెండు దాటితే కూర్చోవడం కష్టమే. వాటర్ క్యాన్ సాయంత్రానికల్లా ఖాళీ, ఇంకోటి తెప్పించమని మనమే అడగాలి. గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదివేవాళ్ళు ఎక్కువ, సైలెన్స్ బాగానే ఉంటుంది. ఇలాంటి హాళ్ళు ఊళ్ళో చాలా ఉన్నాయి, దీని కోసమే అయితే నేను ఇంత రాసేదాన్ని కాదు.

రాస్తున్నది ఆదివారం అట్లాస్ క్లాసు కోసం. మెంబర్లకు ఫ్రీ, బయటివాళ్ళకు క్లాసుకు 50. రిటైరైన జాగ్రఫీ లెక్చరర్ ఒకాయన చెప్తారు. పద్ధతి ఏంటంటే, బోర్డు మీద ఒక చోటు పేరు రాస్తారు, దాన్ని అట్లాస్‌లో మనమే వెతకాలి, ఎవరూ ఫోన్ తీయకూడదు, దొరికాక అది ఎవరి చేతిలో ఉంది, ఎప్పట్నుంచి ఉంది, అక్కడి మనుషులు ఏం తిని బతుకుతారు అన్నవి ఒక్కొక్కటే అడుగుతూ పోతారు. రెండు గంటలు. మధ్యలో టీ.

మొన్న రాసిన పేరు వియెకెస్. చాలాసేపు ఎవరికీ దొరకలేదు. కరీబియన్ సముద్రంలో ప్వెర్టో రికోకు తూర్పున ఉన్న చిన్న దీవి అది, పొడవు చూస్తే మన కర్నూలు నుంచి ఓర్వకల్లు దాటి ఇంకాస్త ముందుకు పోయినంత, వెడల్పు ఆరేడు కిలోమీటర్లకు మించదు. ప్వెర్టో రికోను 1898లో యుద్ధంలో ఓడిన స్పెయిన్ నుంచి అమెరికా తీసుకుంది, ఈ దీవి కూడా దాంతోపాటే పోయింది. 1917లో అక్కడివాళ్ళకు అమెరికా పౌరసత్వం ఇచ్చారు కానీ, అక్కడ కాపురం ఉన్నంతవరకు ప్రెసిడెంట్ ఎన్నికలో ఓటు లేదు, వాషింగ్టన్‌లో వాళ్ళ తరఫున ప్రతినిధుల సభలో ఒకాయన కూర్చుంటాడు గానీ సభ తుది ఓటింగులో ఆయనకు ఓటు లేదు. సార్ దీన్ని బోర్డు మీద ఒక మూల రాసి, డబ్బా గీసి, క్లాసు అయిపోయేదాకా చెరపొద్దన్నారు. ఎందుకో తర్వాత అర్థమైంది.

1941 నుంచి అమెరికా నేవీ ఆ దీవిలో భూమి తీసుకోవడం మొదలుపెట్టింది. విడతల వారీగా మొత్తం 33,000 ఎకరాల్లో దాదాపు 26,000 ఎకరాలు పోయాయి. చెరకు తోటల్లో కూలికి పోయి, తోట యజమాని భూమిలోనే గుడిసె వేసుకుని బతికేవాళ్ళు చాలామంది, పట్టా లేదు కాబట్టి వాళ్ళకు దక్కింది దాదాపు ఏమీ లేదు, కొందరికి ఇల్లు ఖాళీ చేయడానికి ఇచ్చిన గడువు ఒక్క రోజు. పడమర కొసన ఆయుధాల గోదాములు, తూర్పు కొసన బాంబులు వేసి ప్రాక్టీసు చేసే రేంజ్, మధ్యలో మిగిలిన ముక్కలో జనం. విమానాల నుంచి వేసేవి, ఓడల మీది ఫిరంగుల నుంచి కొట్టేవి, అన్నీ వాళ్ళ ఊళ్ళ పక్కనే దశాబ్దాల పాటు పడ్డాయి. మిత్ర దేశాల సైన్యాలు కూడా వచ్చి అక్కడే ప్రాక్టీసు చేసుకుని పోయేవి.

ఇక్కడ మా బెంచీలో కూర్చున్న ఆత్మకూరు అబ్బాయి లేచాడు. "సార్, మా జేజినాయనోళ్ళది ముంపు ఊరు. శ్రీశైలం నీళ్ళొస్తాయని 1981లో ఖాళీ చేయించినారు. ముంపు కుటుంబాలోళ్ళకిచ్చే జీవో 98 ఉద్యోగం కోసం మా నాయన తిరిగినాడు, ఇప్పుడు నేను తిరుగుతా ఉన్నా" అన్నాడు. హాలంతా నిశ్శబ్దం. సార్ వెంటనే ఏమీ అనలేదు, టీ తెప్పించారు. టీ తాగుతూ ఆ అబ్బాయి ఊరి పేరు, ఎన్ని ఇళ్ళుండేవి, ఎక్కడికి పోయారు అన్నీ అడిగి తెలుసుకున్నారు. ఈ క్లాసు నాకు నచ్చడానికి ఇదొక కారణం. మనవాళ్ళ కథ వచ్చినప్పుడు సిలబస్‌లో లేదు అని పక్కన పెట్టరు.

మళ్ళీ దీవి దగ్గరికి వస్తాను. అక్కడి జాలర్లు 1978లోనే చిన్న చిన్న పడవలు వేసుకుని యుద్ధ నౌకలకు అడ్డం పోయారు, ఓడలు తిరిగి తిరిగి వాళ్ళ వలలు, చేపలు పట్టే బుట్టలు పాడు చేస్తున్నాయని. అప్పుడు ఆగలేదు. 1999 ఏప్రిల్ 19న ఒక ఫైటర్ విమానం టార్గెట్ తప్పి రెండు బాంబులు వేస్తే, రేంజ్‌లోనే సెక్యూరిటీ గార్డుగా పనిచేసే డేవిడ్ సానెస్ రోడ్రిగెజ్ అనే స్థానికుడు చనిపోయాడు, ఇంకో నలుగురికి గాయాలు. అప్పుడు లేచారు జనం. రేంజ్ లోపలికే పోయి గుడారాలు వేసుకుని ఏడాదికి పైగా కూర్చున్నారు, మనుషులు ఉన్నారు కాబట్టి అన్నాళ్ళూ బాంబులు వేయలేకపోయారు. 2000 మే నెలలో అరెస్టు చేసి బయటికి లాగారు, మళ్ళీ పోయారు, వెయ్యి మందికి పైగా అరెస్టయ్యారు. 2001లో దీవిలో ఓటింగు పెడితే 68 శాతం మంది నేవీ వెంటనే వెళ్ళిపోవాలన్నారు. 2003 మే 1న నేవీ ప్రాక్టీసు ఆపేసి వెళ్ళిపోయింది.

నా కంప్లైంట్ ఇక్కడే ఉంది. హాలు వాళ్ళు క్లాసుకు ముందు ఒక జిరాక్సు షీటు ఇస్తారు, సార్ తయారుచేసింది కాదు, ఏదో గైడులోంచి తీసింది. అందులో వియెకెస్ గురించి నాలుగు లైన్లు, చివరి లైను "2003లో నేవీ వైదొలగడంతో సమస్య పరిష్కారమైంది". సార్ సరిగ్గా ఆ లైను దగ్గరే ఆగి, దాన్ని కొట్టేయమని, అసలు పాఠం అక్కడి నుంచి మొదలు పెట్టారు. క్లాసులో కూర్చున్నవాళ్ళం కొట్టేసుకున్నాం. రాలేనివాళ్ళు షీటు మాత్రం కౌంటర్ దగ్గర తీసుకుని పోతారు, వాళ్ళకు ఆ తప్పుడు లైనే మిగులుతుంది. రేపు పరీక్షలో అదే రాస్తారు, ఎల్లుండి ఆఫీసులో కూర్చుని ఒక ఊరి అర్జీ చేతిలోకి వచ్చినప్పుడు కూడా అదే బుద్ధితో చూస్తారు. హాలు వాళ్ళతో చెప్పాను, చూస్తాం అన్నారు. దయచేసి మార్చండి, ఒక లైనే కదా.

ఎందుకు తప్పు అంటున్నానంటే, నేవీ వెళ్ళిపోయిన తర్వాత ఆ భూమి పూర్తిగా జనానికి తిరిగి రాలేదు. చాలా భాగం వన్యప్రాణుల సంరక్షణ కేంద్రం పేరుతో ఇంకో కేంద్ర శాఖకు పోయింది. అన్నిటికంటే ఎక్కువ బాంబులు పడిన తూర్పు కొసను జనం అడుగు పెట్టకూడని అడవిగా ప్రకటించారు. మొదట వినగానే నాకు మంచిదే కదా అనిపించింది, పక్షులు, తాబేళ్ళు బతుకుతాయి. సార్ ఒక ప్రశ్న అడిగారు: మనుషులు కాపురం ఉండని చోటు అని కాగితం మీద రాస్తే, దాన్ని ఎంత లోతుగా శుభ్రం చేయాలి? ఎవరూ ఉండరు కాబట్టి తక్కువ చేసినా సరిపోతుంది. రెండేళ్ళకు, 2005లో, అదే నేలను అమెరికాలో అత్యంత కలుషితమైన చోట్ల జాబితాలో చేర్చారు. వెళ్ళిపోయి ఇరవై ఏళ్ళు దాటినా పేలని బాంబులు ఇంకా ఏరుతూనే ఉన్నారు, నేల మీదివే కాదు, సముద్రం అడుగునవి కూడా. కదిలిస్తే ప్రమాదం అనుకున్నవాటిని ఉన్నచోటే పేలుస్తారు. అంటే ప్రాక్టీసు ఆగినా ఆ ఊళ్ళకు పేలుళ్ళ శబ్దం ఆగలేదు, ఆ పొగ ఎటు పోతుందని జనం ఇంకా అడుగుతూనే ఉన్నారు. 1999లోనే యురేనియం తూటాలు 263 అక్కడ పేల్చామని నేవీ స్వయంగా ఒప్పుకుంది, అవి అక్కడ వాడటానికి అనుమతి కూడా లేదు.

జబ్బుల మాట దగ్గర సార్ చాలా జాగ్రత్తగా చెప్పారు, అది నాకు బాగా నచ్చింది. ప్వెర్టో రికో మిగతా ప్రాంతంతో పోలిస్తే ఈ దీవిలో క్యాన్సర్ ఎక్కువని అక్కడి ఆరోగ్య శాఖ లెక్కల్లోనే వచ్చింది. కానీ అమెరికా కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2003లో ప్రమాదమేమీ లేదంది, 2009లో మళ్ళీ చూస్తామంది, 2013లో బాంబుల వల్లే జబ్బులని చెప్పడానికి ఆధారాలు లేవని తేల్చింది. దీవిలో ఉండేది తొమ్మిది వేల లోపు మంది. ఇంత చిన్న జనాభాలో లెక్కల ద్వారా రుజువు చేయడం ఎంత కష్టమో ఆయన బోర్డు మీద వేసి చూపించారు. రుజువు కాలేదు అంటే హాని జరగలేదు అని అర్థం కాదు, కొలవాల్సినవాళ్ళు కొలవాల్సిన రోజుల్లో కొలవలేదు అని కూడా కావచ్చు. ఏడు వేల మందికి పైగా కోర్టుకు పోయారు. సర్కారు మీద ఇలాంటి దావా వేయడానికి చట్టం ఒప్పుకోదని 2012లో అప్పీలు కోర్టు కొట్టేసింది, జబ్బులు నిజమా కాదా అన్నదాకా విచారణ పోనే లేదు. 2017లో మరియా తుఫానుకు ఉన్న ఒక్క ఆసుపత్రి పాడైపోతే, డయాలసిస్ కావాల్సినవాళ్ళు సముద్రం దాటి పెద్ద దీవికి పోయి రావాల్సి వచ్చింది. కర్నూలు పెద్దాసుపత్రికి ఎక్కడెక్కడి నుంచో బస్సుల్లో వచ్చే కిడ్నీ పేషంట్లను రోజూ చూస్తాం, ఆ దారిలో సముద్రం కూడా దాటాల్సి వస్తే ఎలా ఉంటుందో నేను ఊహించలేకపోయాను.

ప్రశ్నల టైములో ఒకమ్మాయి అడిగింది, "సార్, మన ఓర్వకల్లు దగ్గర డీఆర్‌డీఓ రేంజ్ ఉంది కదా, అది కూడా ఇట్లాంటిదేనా?" అని. 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధం పరీక్షించింది అక్కడే, అందరికీ గుర్తుంది. సార్ ఆ డబ్బా గీసిన మూలకు పోయారు. "అక్కడికీ ఇక్కడికీ పెద్ద తేడా ఇదమ్మా. నీకు ఎంపీ ఉన్నాడు, ఆయనకు ఓటుంది, నువ్వు హైకోర్టుకు కూడా పోవచ్చు. ఇవన్నీ ఉన్నాయి కాబట్టి మనం అడిగే పని మానుకోకూడదు" అన్నారు. ఇంతకు మించి ఒక్క మాట కూడా పెంచి చెప్పలేదు. కొందరు కోచింగ్ సార్లలా ఆవేశపడి రెండూ ఒకటే అని చప్పట్లు కొట్టించుకోవచ్చు, ఆయన ఆ పని చేయలేదు.

చివరి అరగంట హవాయిలోని కహోఒలావె దీవి. ఇది కాస్త హడావుడిగా అయిపోయింది, దీనికి ఇంకో ఆదివారం ఇవ్వాల్సింది. 1941 చివర్లో సైన్యం తీసుకుంది, 1965లో ఒక్కోసారి 500 టన్నుల టీఎన్‌టీ పేల్చి ఓడలు ఎంత తట్టుకుంటాయో చూశారు. ఆ పేలుళ్ళకు అడుగున రాయి పగిలి, మంచినీళ్ళు ఉప్పుబారాయని అక్కడివాళ్ళు చెప్తారు. 1976 నుంచి స్థానిక హవాయి యువకులు పడవల్లో పోయి దీవి మీద దిగి ఆపడానికి పూనుకున్నారు, ఆ పోరాటంలోనే 1977లో జార్జ్ హెల్మ్, కిమో మిచెల్ సముద్రంలో మాయమయ్యారు. 1990లో బాంబులు ఆగాయి. 40 కోట్ల డాలర్లు కేటాయించి పదేళ్ళు శుభ్రం చేశారు. ఇంత డబ్బు పోసినా దీవిలో నాలుగో వంతు అసలు ముట్టనే లేదు, లోతుగా తవ్వి చూసింది సుమారు పదో వంతు. ఇప్పటికీ అనుమతి లేకుండా ఎవరూ దిగడానికి లేదు. మన చేలల్లో బోరు వేసే ముందు ఎంత లోతులో ఏముందో అని ఎంత టెన్షన్ పడతామో, అక్కడ ఒక మొక్క నాటడానికి గుంట తీయాలన్నా కింద బాంబు ఉందేమో అని చూసుకోవాలి.

రేటింగ్ ఇవ్వమంటే హాలుకు మూడు, క్లాసుకు ఐదు. ఆ షీటు మార్చేదాకా హాలుకు నాలుగు ఇవ్వను. క్లాసులో చిన్న ఇబ్బందులు లేకపోలేదు: మైకు లేదు, వెనక వరసకు సార్ గొంతు సరిగ్గా వినపడదు, కింద రోడ్డు మీద ఆటోల మోత, మ్యాపు పాతది కాబట్టి చిన్న దీవులు చుక్కల్లా కూడా కనపడవు. ప్రొజెక్టర్ పెడితే బాగుంటుంది. పరీక్షకు రెడీమేడ్ బిట్లు కావాలనుకునేవాళ్ళకు ఇది టైం వేస్టు అనిపించొచ్చు, మొన్న కూడా ఇద్దరు టీ టైములో వెళ్ళిపోయారు. ఎస్సే పేపరుకు చదివేవాళ్ళు, టీచర్లు కావాలనుకునేవాళ్ళు తప్పకుండా రండి.

వచ్చే ఆదివారం డియెగో గార్సియా అని బోర్డు మీద రాసి పెట్టారు, హిందూ మహాసముద్రంలోది, మనకు దగ్గర్లోదే. పది గంటలకు మొదలు, తొమ్మిదిన్నరకే వస్తే ముందు వరస దొరుకుతుంది. అట్లాస్ మీరే తెచ్చుకోండి, అక్కడ ఇవ్వరు.