తొలి జాజ్ ఆల్బమ్: హక్కులు అమ్మేయాలా, రాయల్టీ ఉంచుకోవాలా?

చిన్న లేబుల్‌తో, అంటే పాటలు రికార్డు చేసి విడుదల చేసే సంస్థతో, తొలి ఆల్బమ్ చేసే గాయనికి ఈ ప్రశ్న తప్పదు.

డబ్బు: అమ్మేస్తే వెంటనే చేతికొస్తుంది. రాయల్టీ (అమ్మకాల్లో వాటా) అయితే, రికార్డింగ్ ఖర్చు లేబుల్‌కు తిరిగొచ్చేదాకా చాలాసార్లు పైసా రాదు.

శ్రమ: అమ్మితే ఒక్క సంతకం. రాయల్టీకి ఏటా లెక్కలు అడగాలి.

రిస్క్: ఇక్కడే మనసు చివుక్కుమంటుంది. అమెరికన్ గాయని, పియానిస్టు నీనా సిమోన్ బెత్లెహెమ్ లేబుల్‌కు చేసిన తొలి ఆల్బమ్ హక్కులను సుమారు 3,000 డాలర్లకు వదులుకున్నారు. అందులోని పాటొకటి 1987లో షనెల్ పెర్ఫ్యూమ్ ప్రకటనలోకెక్కి బ్రిటన్‌లో పెద్ద హిట్టయింది. ఆ పియానో, ఆ గొంతు ఆమెవే. రికార్డింగ్ హక్కులు మాత్రం ఆమెవి కావు!

ఇంటద్దెకే కటకటగా ఉంటే, లేబుల్ మూతపడేలా ఉంటే అమ్మకమే నయం. కొన్నేళ్లు ఓపిక పట్టగలిగితే నా ఓటు రాయల్టీకే. తప్పక అమ్మాల్సి వస్తే, గడువు తీరాక హక్కులు వెనక్కొచ్చేలా రాయించుకోండి.